ముఖం చెక్కుతుంటే అడగకూడదు

నవంబరు 4

ఈ రోజు మామయ్య నా ముక్కు కొలిచారు.

గిన్నెలు తోముతున్నాను. వెనకనుంచి వచ్చి, "అమ్మాయ్, ఇటు తిరుగు" అన్నారు. తిరిగాను. జేబులోంచి దారం తీసి ముక్కు పొడుగు, వెడల్పు, నుదురు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి, కొలత కొలతకీ ఒక ముడి వేసుకున్నారు. గడ్డం కింద దారం పెట్టినప్పుడు చక్కిలిగింత పుట్టింది కానీ నవ్వలేదు. నవ్వితే కొలత తప్పుతుంది. నా చేతులనిండా సబ్బు నురగ. "సరే, కానీ" అని ఆయన షెడ్డులోకి వెళ్ళిపోయారు. నేను మిగిలిన గిన్నెలు తోమాను.

దగ్గు అలాగే ఉంది.

నవంబరు 5

ఎవరితోనూ అనలేను కాబట్టి ఇందులో రాస్తున్నాను. ఈ డైరీ మందుల షాపువాళ్ళు మా ఆయనకి ఊరికే ఇచ్చారు. జనవరి నుంచి అక్టోబరు దాకా ఖాళీ. ప్రతి పేజీ కిందా ఏదో ఒక మందు పేరు ఉంది. నవంబరు అంతా దగ్గుమందు.

ఈ సంబంధం కుదిరినప్పుడే మా నాన్నకి ఎవరో చెప్పారు. వాళ్ళు కొండమీదవాళ్ళు, మనిషి పోయే రోజులు దగ్గరపడితే దారంతో ముఖం కొలిచి చెక్కతో ఇంకో ముఖం చేసిపెడతారు, మనిషి పోయాక దాన్ని ఇంట్లో దూలానికి తగిలిస్తారు, ఇంట్లో తల ఒకటి తగ్గినట్టు కనిపించకూడదట, అని. మా నాన్న, "చేతిలో పనున్నవాళ్ళు, అంతే చాలు" అన్నాడు. పని ఉంది, ఎవరు కాదన్నారు? నాకు తెలిసి మామయ్య దారం పట్టుకుని వెళ్ళిన ఏ ఇంట్లోనూ కొలిచిన మనిషి మిగల్లేదు. అత్తయ్యని కొలిచినప్పుడు ఆవిడ లక్షణంగా లేచి తిరుగుతోంది. వానలు తగ్గేసరికి దూలం మీద ఉంది.

అడుగుదామంటే అడగకూడదు. ముఖం చెక్కుతున్నంతకాలం ఎవరిదని గానీ, ఎందుకని గానీ ఎవరూ నోరెత్తకూడదు. అడిగితే ముక్కు వంకర పోతుందట.

నవంబరు 6

దారం షెడ్డులో మేకుకి వేలాడుతోంది. మా ఆయన బస్సు దిగి వచ్చి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళి దాన్ని చూశాడు. నా ముక్కు పొట్టిది, మొదటి రెండు ముడులూ పక్కపక్కనే ఉంటాయి. కట్టుకున్నవాడికి ఆ మాత్రం తెలుస్తుంది. అన్నం సగంలో లేచిపోయాడు. కాసేపటికి టీ పెట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. పెళ్ళయినప్పటినుంచి ఆయన నాకు టీ పెట్టివ్వడం ఇదే మొదలు.

అంటే ఖాయం.

టీలో పంచదార వెయ్యలేదు. తాగాను.

నవంబరు 8

నాకేం భయం లేదు. అందరూ పోయేవాళ్ళమే.

నవంబరు 9

భయం లేదు కానీ కోపం ఉంది. ఇన్నేళ్ళు వేళకి వండిపెట్టాను. ఏనాడైనా మాట తూలానా? "నీకు రోజులు దగ్గరపడ్డాయమ్మాయ్" అని ముందొక మాట చెబితే ఏం పోయింది? పైగా షెడ్డులోకి నేను వెళ్ళేసరికి బల్లమీద ఏదో చెక్కుతున్నదానిమీద గబుక్కున గోనెపట్టా కప్పేస్తున్నారు. ఈ రోజు కూరలో ఉప్పు కావాలనే ఎక్కువ వేశాను. మామయ్య సగం వదిలేసి లేచారు.

నవంబరు 10

ఉప్పు సరిగ్గానే వేశాను. ఇవాళ కూడా సగం వదిలేశారు. పట్టుదల మనిషి.

నవంబరు 12

మా ఆయనకి వంట నేర్పడం మొదలుపెట్టాను. కారణం చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయన ఏదీ అడగడు. రోజంతా కొండకీ కిందకీ బస్సు తిప్పుతాడు, ఎక్కినవాళ్ళ కష్టసుఖాలన్నీ వింటాడు, ఇంటికి ఒక్కటీ మోసుకురాడు. బంగాళదుంపలు చెక్కు తియ్యమంటే సగం దుంప చెక్కుతోనే పోయింది. చెక్కేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడేనా అనిపించింది. ఎసరు ఎంత పెట్టాలో చూపిస్తుంటే నా చేతివైపు కాకుండా నా ముఖంవైపు చూశాడు. "గిన్నె చూడండి" అన్నాను. కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటికి ఉల్లిపాయలు ఇంకా తరగలేదు.

నవంబరు 14

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సంతకని చెప్పి వెళ్ళాను. వీపుమీద గొట్టం పెట్టి ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు, ఫోటో తీయించాడు. చెక్కపొడి పడక దగ్గు వస్తోంది, పని చేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో, ఇంకేం లేదు అన్నాడు.

మంచివాడే, చిన్న వయసు. ముఖాల సంగతి ఆయనకేం తెలుసు? గుడ్డ మాత్రం కట్టుకుంటున్నాను. దగ్గు తగ్గింది. తగ్గుతుంది, పోయేముందు ఒక్కోసారి అలాగే తేలిగ్గా ఉంటుందట.

నవంబరు 17

మా ఆయనకి ఎవరైనా తోడు ఉండాలి కదా. అందరినీ మనసులో అటూ ఇటూ తిప్పి చూశాను. పక్కింటి దర్జీ ఆవిడ సరిపోతుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు, సొంత మిషను ఉంది. నోరు మూత పడదు. ఈయన బదులు చెప్పడు, చెప్పలేదని ఆవిడకి తట్టదు. చొక్కాల కాలర్లు తిప్పి కుట్టాలని పిలిచాను. టీ ఇచ్చాను. మా ఆయన వచ్చేదాకా కూర్చోబెట్టాను.

నవంబరు 18

మళ్ళీ పిలిచాను.

నవంబరు 19

దర్జీ ఆవిడ మా ఆయన మెడకి టేపు పెట్టి కాలరు కొలిచింది. అక్కడ అంతసేపు కొలవడానికేముంది? ఆయనది అంత పెద్ద మెడ ఏం కాదు. పైగా ఈయన నవ్వాడు. నేను పళ్ళెం కింద పెట్టిన చప్పుడుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఆవిడ అంత మంచిదేం కాదు. వేరే ఎవరినైనా చూడాలి. లేదా ఎవరూ వద్దు, వంట నేర్చుకుంటున్నాడు కదా.

నవంబరు 21

షెడ్డులో పని ఎక్కువైంది. చాలాకాలంగా చెవులు నేనే చెక్కుతున్నాను, ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. మామయ్య వేళ్ళు వణకడం మొదలైనప్పుడు, "ఆ చెవి కాస్త చూడు" అన్నారు, అప్పటినుంచి చెవులు నావి. చెవుల్ని ఎవరూ చూడరు కాబట్టి ఫర్వాలేదు. ఈ వారం ముక్కు కూడా నన్నే చెక్కమన్నారు. నిన్న పెదాలు. ఉలి నా చేతిలోనే ఉంచి, తన చెయ్యి నా చేతిమీద పెట్టి, "నొక్కకు, అదే వెళ్తుంది, చూడు" అన్నారు. తనేమో గోనెపట్టా కిందిదానితో తీరిక లేకుండా ఉన్నారు. నా ముఖం చెక్కడానికి టైము కావాలని ఊళ్ళోవాళ్ళ ముఖాలన్నీ నాచేత చెక్కిస్తున్నారు. చెక్కాను. పని బాగా కుదిరితే కోపం నిలవదు, అదొక ఇబ్బంది.

గోడకి వయసులో ఉన్నప్పటి మామయ్య ముఖం ఉంది, మీసంతో సహా. షెడ్డులో కళ్ళు తెరిచి ఉన్నది అదొక్కటే. మిగతావన్నీ కళ్ళు మూసుకున్నవే. తన ముఖం తనే చెక్కుకుని తన బల్లకి ఎదురుగా పెట్టుకున్నారు. ఎంత మంచివాళ్ళకైనా కాస్త మురిపెం ఉంటుంది. దానిమీద దుమ్ము దులిపేది నేనే.

మామయ్య బెల్టుకి ఇంకో చిల్లు పెట్టమన్నారు. పెట్టాను.

నవంబరు 24

నవ్వుల షావుకారు వచ్చాడు. ఆ పేరు మేము పెట్టిందే. కొండ చూడ్డానికి వచ్చేవాళ్ళకి గోడకి తగిలించుకునే ముఖాలు అమ్ముతాడు, నవ్వే ముఖాలు తప్ప కొనడు. ఆయన కోసం కొన్ని పళ్ళికిలించేవి చేస్తాం. అవి ఎవరివీ కావు, ఎలా చెక్కినా ఫర్వాలేదు. వాటితోనే ఇల్లు గడుస్తుంది.

మూట కట్టుకుంటూ, వద్దనేలోపు గోనెపట్టా ఎత్తేశాడు. "ఇదెవరండీ బాబూ, ఇంత కోపంగా ఉంది?" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. "ఆ పెదాలు అటూ ఇటూ కాస్త సాగదీయండి, తీసుకెళ్తాను."

"అది అమ్మేది కాదు" అన్నారు మామయ్య.

నేను చూశాను. నా ముక్కే. పై పెదవి పక్కన నా పుట్టుమచ్చ. కళ్ళున్న చోట మాత్రం ఇంకా ఏమీ చెక్కలేదు, రెండు ఉబ్బులు, అంతే. కోపమేం లేదు దానికి. అది నా మామూలు ముఖం.

బాగుంది. నన్నెవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు, మా ఆయనతో సహా. షావుకారు వెళ్ళాక నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని బాగా ఏడ్చాను. భయం ఉంది. ఉందని ఇప్పుడు రాస్తున్నాను. నాకు పోవాలని లేదు.

నవంబరు 27

వదిన దిగి వచ్చింది. మా ఆయనకి అక్క. కొండమీద పాత ఊళ్ళో మిగిలిన నాలుగిళ్ళలో ఉంటుంది, గొర్రెలు తప్ప లోకం లేదు. గొర్రెల్ని వదిలి రావడమే వింత. వస్తూనే నన్ను వాటేసుకుని ఏడ్చింది. తన శాలువా తీసి నాకు కప్పింది.

"అదృష్టవంతురాలివే అమ్మాయ్. మా ఇంట్లో ఆడదానికి ఇది రావడం ఇదే మొదలు."

నేను ఆలోచించాను. అత్తయ్య, అత్తయ్య అత్తగారు, ఆవిడ అత్తగారు, అందరూ ఆడవాళ్ళే, అందరూ పోయారు. వదినకి మతి ఎక్కడుందో. "దీనికి అదృష్టమేంటి వదినా" అని మాత్రం అన్నాను.

"నీది పెద్ద మనసు" అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు మామయ్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా ఆయన హారన్ కొట్టలేదు. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నా కూడా కొట్టలేదు.

డిసెంబరు 2

మామయ్య ఈ మధ్య పగలు కూడా పడుకుంటున్నారు. ఆయన పడుకున్నాక షెడ్డు ఊడ్వడానికి వెళ్ళి గోనెపట్టా ఎత్తాను.

కళ్ళు చెక్కేశారు. తెరిచి ఉన్నాయి.

నా ముఖం నన్ను చూస్తోంది. చీపురు పక్కన పెట్టాను. ఈ ఇంట్లో పోయేవాళ్ళ కళ్ళు మూసి ఉంటాయి, నాకు ఆ మాత్రం మర్యాద కూడా లేదన్నమాట. కళ్ళు మూతపడకుండా పోతానని ఈయనకి ముందే తెలిసిపోయింది కాబోలు. కళ్ళు చెక్కడంతో పని పూర్తవుతుంది. పూర్తయితే అడగొచ్చు. నేరుగా బస్సు దగ్గరికి వెళ్ళాను. మా ఆయన మగ్గుతో నీళ్ళు కొట్టి చక్రాలు కడుగుతున్నాడు.

"మీ నాన్న నా కళ్ళు తెరిచి ఎందుకు పెట్టారు? పోయేదాన్ని ప్రశాంతంగా పోనివ్వరా?"

"ఎక్కడికి పోతావు?" అన్నాడు.

"నన్ను కొలిచారు కదా!"

"కొలిచారు."

"కొలిస్తే పోతారు కదా!"

మా ఆయన నావైపు తిరిగాడు. మగ్గులో నీళ్ళు కాలిమీద పడుతున్నా చూసుకోలేదు. "నీకెవరూ చెప్పలేదా?"

"అడగకూడదన్నారు. అడగకుండా ఎవరు చెప్తారు?"

బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఇప్పుడే చూశాను.

"కళ్ళు తెరిచిన ముఖం పోయేవాళ్ళది కాదు. పని అందుకునేవాళ్ళది. చెక్కేవాడు దిగిపోయేముందు, తన తర్వాత ఎవరో వాళ్ళ ముఖం చెక్కాలి. షెడ్డులో మీసాలది ఉంది చూడు, అది మా తాత చెక్కాడు, నాన్నకి పని ఇచ్చినప్పుడు. ఇప్పుడు నాన్న నీది చెక్కాడు. అదయితే గానీ నువ్వు ఆయనది చెక్కకూడదు."

"ఆయనది నేనెందుకు చెక్కాలి?"

చక్రంవైపు చూస్తూ చెప్పాడు. అసలు అక్టోబరులోనే మామయ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడట. కడుపులో గడ్డ ఉందట. కొయ్యడానికి కూడా లేదన్నారట. చలికాలం దాటితే గొప్పే అన్నారట. ఎవరికీ చెప్పొద్దన్నారట మామయ్య.

"నిన్ను కొలవగానే నీకు అర్థమైపోయిందనుకున్నా. ఏడవకుండా నాకు వంట నేర్పుతుంటే, నాన్నకి నువ్వు వేళకి పెట్టలేని రోజులు వస్తాయని నేర్పుతున్నావనుకున్నా. ఎంత గుండె ధైర్యం అనుకున్నా."

"మరి టీ ఎందుకు పెట్టారు?"

"ఇంకేం చెయ్యాలో తెలీలేదు."

మళ్ళీ ఆయనే, "దర్జీ ఆవిణ్ణి రోజూ ఎందుకు పిలిచావు?" అన్నాడు.

"కాలర్లకి" అన్నాను.

డిసెంబరు 2, మళ్ళీ

ఇది ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను. సంగతి తెలియగానే నాకు మొదట కలిగింది సంతోషం. పోయేది నేను కాదు. ఒళ్ళంతా తేలికైపోయింది, బస్సు పక్కన నిలబడి నవ్వాను కూడా. మా ఆయన నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటాడు. తర్వాత సగం వదిలేసిన పళ్ళేలు గుర్తొచ్చాయి. తర్వాత ఉప్పు గుర్తొచ్చింది.

"ఈ పని మీకు రావలసింది కదా" అన్నాను.

"చిన్నప్పుడు ఒకసారి అమ్మ ముఖం చెక్కి అమ్మకే చూపించా. 'ఏ కూరగాయ నాన్నా ఇది' అంది." లేచి మళ్ళీ చక్రం కడగడం మొదలుపెట్టాడు. "బస్సే మేలు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. రోడ్డు చూస్తే చాలు."

వీపు నావైపు ఉంది. భుజాలు కదులుతున్నాయి. చక్రం ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా కడగనిచ్చాను.

డిసెంబరు 3

మామయ్య దారం ఇచ్చారు. కొత్తది, ముడులు లేనిది. తనే ముక్కాలిపీట తెచ్చుకుని వెలుతురుకి ఎదురుగా కూర్చున్నారు.

నుదురు కొలిచాను, ముక్కు కొలిచాను. బుగ్గలు లోపలికి వెళ్ళిపోయాయి. రోజూ ఎదురుగా ఉండే ముఖం, ఇంత తగ్గిపోయిందని దారం చెప్పేదాకా తెలియలేదు. ఒక ముడి విప్పి మళ్ళీ వేశాను. గడ్డం కింద దారం పెట్టేసరికి ఆయన కిసుక్కున నవ్వారు.

"నవ్వితే కొలత తప్పుతుంది మామయ్యా."

"సరే, కానీ" అన్నారు.

నా ముఖం పూర్తయింది కాబట్టి నా సంగతి అడగొచ్చు. అడిగాను. "నన్నే ఎందుకు ఎంచుకున్నారు?"

"నువ్వు మనుషుల్ని ఊరికే అలా చూస్తావు. బస్సులో చూస్తావు, సంతలో చూస్తావు. ఈ అమ్మాయికి పొగరని ఊళ్ళో అందరూ అనుకుంటారు. చెవులు చూస్తున్నావని నాకు తెలుసు."

ఈ వయసులో నాకు ఎవరైనా ఇంతకంటే మంచి మాట చెప్తారని అనుకోను. "నిన్నా మొన్నా కాదు గానీ, ఒకరోజు కూరలో ఉప్పు కావాలనే ఎక్కువ వేశాను" అన్నాను.

"ఆ ఒక్కరోజే రుచి తెలిసింది" అన్నారు.

డిసెంబరు 15

నుదురు అయింది. ముక్కు అయింది. మా ఆయన వంట చేస్తున్నాడు, తినగలుగుతున్నాం. మామయ్యకి గంజి మాత్రం నేనే కాస్తున్నాను, ఉప్పు కొంచెం ఎక్కువ వేసి.

డిసెంబరు 23

పెదాలు అయ్యాయి. షావుకారు వస్తే షెడ్డు తలుపు దగ్గరే మాట్లాడి పంపేశాను.

డిసెంబరు 31

చెవులు కూడా అయ్యాయి. ఇంక కళ్ళే. మూసిన కళ్ళు చెక్కడానికి ఎంతోసేపు పట్టదు, ఒక గీత ఇటు, ఒక గీత అటు. అందుకే చెవులు ఇంకోసారి సరిచేశాను. ఇప్పటికే చాలాసార్లు సరిచేశాను, ఇంకా సరిచేస్తే చెవులు మిగలవు.

డైరీ పేజీలు అయిపోయాయి. ముందున్న జనవరి ఖాళీగానే ఉంది, రేపటినుంచి అక్కడ రాస్తాను.

జనవరి 8

ఇక్కడ పేజీల కింద ఆకలి పెంచే మందు పేరుంది. మా ఆయన చేత అదే తెప్పించాను. మామయ్య రెండు చెంచాలు తాగి, చేదుగా ఉందని ముఖం చిట్లించారు. ఆ చిట్లింపు కూడా చూసి పెట్టుకున్నాను.

జనవరి 11

చెక్క పగిలిందని చెప్పి కొత్త దుంగ తీసుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

పగల్లేదు.

జనవరి 12

మంచి ఎండ కాసింది. మామయ్య గోడ పట్టుకుంటూ షెడ్డు దాకా వచ్చారు. కొత్త దుంగని చూశారు. మూలన గుడ్డలో చుట్టిపెట్టిన పాతదాన్ని విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి, వేలితో తట్టి చూశారు. పగులు ఉన్న చెక్క చప్పుడు వేరు, అది ఆయనే నాకు నేర్పారు.

"దీనికేమైంది అమ్మాయ్?"

నేను ఉలి ఆపలేదు. "ముఖం చెక్కుతుంటే అడగకూడదు మామయ్యా. ముక్కు వంకర పోతుంది."

ఆయన ఒకసారి తన ముక్కు తడిమి చూసుకుని, పాతదాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి మూలన పెట్టేసి, ఎండలో పీట వేసుకుని కూర్చున్నారు.